మైకు రాకముందు రింగులో ఒక గొంతు

(పట్టణ గ్రంథాలయంలో క్రీడా చరిత్రపై జరిగిన ఉపన్యాసానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. చివరి వరసలో కూర్చున్నవాళ్లకు నా మాట వినబడుతోందా? చేతులు ఊపుతున్నారు, సంతోషం. ఆ ఘనత నాది కాదు, ఈ మైకుది. ఇది తీసేస్తే మూడో వరస దాటి నా మాట పోదు. ఈ సాయంత్రం నేను చెప్పబోయే మనిషికి ఆ బాధ లేదు. పేరు జో హంఫ్రీస్. న్యూయార్క్‌లో బాక్సింగ్ పోటీలకు అనౌన్సర్. 1872లో పుట్టారు, 1936లో పోయారు. ఆయన ప్రకటించిన పోటీలు 20,000 దాకా ఉంటాయని ఒక అంచనా. వృత్తి జీవితంలో చాలా భాగం ఉత్త గొంతుతోనే గడిపారు.

నిర్వాహకులు మహమ్మద్ అలీ గురించి మాట్లాడమన్నారు. అలీ గురించి మాట్లాడేవాళ్లకు కొదవా? పైగా ఆయన తన గురించి తానే చాలినంత మాట్లాడుకున్నారు. (నవ్వులు) రింగు మధ్యలో ఇద్దరు యోధులు, ఒక రిఫరీ కాక ఇంకో మనిషి కాసేపు నిలబడతాడు. పేర్లు చదువుతాడు, బరువులు చెబుతాడు, దిగిపోతాడు. చివర్లో మళ్లీ ఎక్కి ఫలితం చెబుతాడు. ఈ రెండు సార్లు ఎక్కి దిగడంలో ఒక జీవితానికి సరిపడా పని ఎక్కడుంది అని మీకు అనుమానం రావచ్చు. అందుకని ముందు ఒక రోజు దగ్గరికి తీసుకువెళతాను.

1921 జులై 2, శనివారం. న్యూయార్క్‌కు నది అవతల, జెర్సీ సిటీలో, ఆ ఒక్క పోటీ కోసమే కట్టిన కొయ్య స్టేడియం. జనం ఎనభై వేలు. టికెట్ల వసూలు 17 లక్షల 80 వేల డాలర్లు దాటింది. పది లక్షల డాలర్ల గీత దాటిన మొట్టమొదటి బాక్సింగ్ పోటీ అదే. నిర్వాహకుడు టెక్స్ రికర్డ్. ఒక మూలన హెవీవెయిట్ ఛాంపియన్ జాక్ డెంప్సీ, అమెరికన్. ఎదుటి మూలన ఫ్రాన్స్ నుంచి వచ్చిన జార్జ్ కార్పాంటియే, మొదటి ప్రపంచ యుద్ధంలో విమానదళంలో పనిచేసి పతకాలు పొందినవాడు. డెంప్సీ మీద మాత్రం యుద్ధానికి వెళ్లకుండా తప్పించుకున్నాడని ఒక మచ్చ ఉండేది. ముందు సంవత్సరమే కోర్టు నిర్దోషి అని తేల్చింది గానీ, జనం నోళ్లు కోర్టు మాట వింటాయా? సొంత దేశంలో, సొంత జనం మధ్య, డెంప్సీ కన్నా పరాయి దేశస్థుడికే చప్పట్లు ఎక్కువ పడే పరిస్థితి.

ఆ జనం ముందు నిలబడి ఇద్దరినీ పరిచయం చేసిన మనిషి హంఫ్రీస్. ఎవరి పేరుకు ఎంత ఒత్తు ఇవ్వాలి? ఒకరి పేరు దగ్గర గొంతు కాస్త తగ్గినా ఎనభై వేల మందీ దాన్ని తీర్పుగా తీసుకుంటారు. మనం సభల్లో అతిథులను పిలిచేటప్పుడు ఒకరికి రెండు విశేషణాలు ఎక్కువైతేనే రెండో అతిథి ముఖం మాడిపోతుంది. ఇక్కడ అతిథులిద్దరూ కొట్టుకోవడానికి వచ్చినవాళ్లు.

పోటీ నాలుగో రౌండులోనే అయిపోయింది. కార్పాంటియే పడిపోయాడు, లేవలేకపోయాడు.

ఆ రోజే ఇంకో సంగతి జరిగింది. రేడియోలో ఆ పోటీ ప్రసారమైంది. రింగు పక్కన ఆండ్రూ వైట్ అనే ఆయన చూస్తున్నది చూస్తున్నట్టు టెలిఫోనులో చెబితే, హొబోకెన్‌లో ట్రాన్స్‌మీటర్ దగ్గర కూర్చున్న ఇంకొకాయన ఆ మాటలను మళ్లీ చదివారు. ఇంట్లో చెవులకు గొట్టాలు పెట్టుకుని విన్నవాళ్లు హంఫ్రీస్‌నూ వినలేదు, వైట్‌నూ వినలేదు, హొబోకెన్ ఆయనను విన్నారు. యంత్రం ఇంకా రింగులోకి ఎక్కలేదన్నమాట. గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

ఇప్పుడు వెనక్కి వెళదాం. హంఫ్రీస్ న్యూయార్క్‌లో పుట్టి పెరిగినవారు. ఆయన వృత్తిని అర్థం చేసుకోవాలంటే ముందు న్యూయార్క్ చట్టాలను అర్థం చేసుకోవాలి. ఇది కాస్త చప్పగా ఉండే భాగం, ఓర్చుకోండి. నాకు మాత్రం కథంతా ఇక్కడే ఉందనిపిస్తుంది.

1896లో హార్టన్ చట్టం వచ్చి న్యూయార్క్ రాష్ట్రంలో బాక్సింగ్‌కు అనుమతి దొరికింది. నాలుగేళ్లు తిరక్కుండానే 1900లో దాన్ని రద్దు చేశారు. తర్వాత వచ్చిన లూయిస్ చట్టం ప్రకారం క్లబ్బు సభ్యులు మాత్రమే పోటీలు చూడాలి. అప్పుడేమయింది? టికెట్ అమ్మడం మానేసి, ఆ రాత్రికి సభ్యత్వం అమ్మారు. మనవాళ్లు నవ్వుతున్నారు, ఇలాంటి ఉపాయాలు మనకూ కొత్త కాదు. 1911లో ఫ్రాలీ చట్టం వచ్చింది. అది అన్నిటికన్నా విడ్డూరం. పది రౌండ్లు కొట్టుకోవచ్చు, కానీ ఎవరు గెలిచారో చెప్పకూడదు! ఒకడు పడిపోయి లేవలేకపోతే సరే. ఇద్దరూ నిలబడి ఉంటే తీర్పు లేదు. ఎవరింటికి వాళ్లు వెళ్లాలి. తీర్పు ఉంటే పందేలు కాస్తారు, పందేలుంటే మోసాలు జరుగుతాయి, కాబట్టి తీర్పే తీసేద్దాం అని చట్టసభ ఆలోచన.

పందేలు ఆగాయా? ఎందుకు ఆగుతాయి? పందెం కాసేవాళ్లు ఫలానా పత్రికలో రేపు పొద్దున ఎవరు మెరుగని రాస్తే వాడే గెలిచినట్టు అని ముందే ఒప్పందం చేసుకునేవారు. రింగు పక్కన కూర్చున్న విలేకరి జడ్జి అయ్యాడు. ఆ కాలపు యోధుల రికార్డుల్లో ఇప్పటికీ పత్రికల తీర్పులను విడిగా చూపిస్తారు. ఛాంపియన్లకు ఈ పద్ధతి బాగా కలిసివచ్చింది. పడిపోకుండా పది రౌండ్లు లాక్కొస్తే చాలు, బిరుదు భద్రం. తీసుకోవాలంటే పడగొట్టే తీసుకోవాలి. 1917 మేలో బెన్నీ లెనర్డ్ తేలికబరువు బిరుదును ఫ్రెడీ వెల్ష్ నుంచి అలాగే తీసుకున్నాడు, తొమ్మిదో రౌండులో.

ఈ చట్టం కింద అనౌన్సర్ బతుకు ఊహించండి. మొదట పేర్లు చెప్పాడు. పది రౌండ్లు అయ్యాయి. జనం లేచి నిలబడి అతని నోటివైపు చూస్తున్నారు. చెప్పడానికి అతని దగ్గర ఏమీ లేదు. ఆ జనాన్ని అల్లరి లేకుండా బయటికి పంపాలి. నా ఉద్దేశంలో హంఫ్రీస్ తరం అనౌన్సర్లు రాటుదేలింది ఈ ఏళ్లలోనే. చేతిలో తీర్పు లేకుండా సభను అదుపులో పెట్టగలిగినవాడికి, తీర్పు చేతికొచ్చాక ఇక అడ్డేముంటుంది?

ఫ్రాలీ చట్టమూ 1917లో పోయింది. 1920లో వాకర్ చట్టం వచ్చింది. పదిహేను రౌండ్లు, రింగు పక్కన జడ్జీలు, లైసెన్సులు, పర్యవేక్షణకు ఒక కమిషన్. అందరి ఎదుటా, అధికారికంగా, గెలిచినవాడి పేరు చెప్పే హక్కు అనౌన్సర్‌కు తిరిగి వచ్చింది. మరుసటి ఏడాదే జెర్సీ సిటీ. హంఫ్రీస్ పేరు దేశమంతా తెలిసింది అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గరపడ్డాక.

మధ్యలో ఒక విషయం వదిలేశాను. ఆయన కేవలం అనౌన్సర్ కాదు. టెర్రీ మెక్‌గవర్న్ అనే బ్రూక్లిన్ కుర్రాడి వ్యవహారాలను శామ్ హారిస్‌తో కలిసి చూసుకున్నారు. మెక్‌గవర్న్ సామాన్యుడు కాడు. 1899 సెప్టెంబరులో ఇంగ్లండ్ నుంచి వచ్చిన పెడ్లర్ పామర్‌ను మొదటి రౌండులోనే పడగొట్టాడు. 1900 జనవరిలో మహానుభావుడు జార్జ్ డిక్సన్‌ను ఓడించి ఫెదర్‌వెయిట్ ఛాంపియన్ అయ్యాడు. 1901 నవంబరులో హార్ట్‌ఫర్డ్‌లో యంగ్ కార్బెట్ చేతిలో రెండో రౌండులో కూలిపోయాడు. నలభై ఏళ్లు నిండకుండానే 1918లో చనిపోయాడు. ఆ హారిస్ తర్వాత బ్రాడ్‌వేలో పేరుమోసిన నాటక నిర్మాత అయ్యారు. అంటే హంఫ్రీస్‌కు యోధుడి మూల ఎలా ఉంటుందో తెలుసు, ఓడిపోయినవాడి పక్కన నిలబడటం ఎలా ఉంటుందో తెలుసు. ఇప్పుడైతే ఒకే మనిషి ఒక యోధుడి వ్యవహారాలు చూస్తూ పోటీల ప్రకటనలు కూడా చేస్తానంటే ఒప్పుకోరు. అప్పుడు ఎవరూ పట్టించుకున్నట్టు లేదు.

ఇక గొంతు సంగతి. ఆరుబయట మాట దూరం పోయేకొద్దీ ఎంత త్వరగా పలచబడుతుందో భౌతికశాస్త్రం చదువుకున్నవాళ్లకు తెలుసు. దూరం రెట్టింపైతే ధ్వని తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా హల్లులు ముందు చస్తాయి, అచ్చులు కొంత దూరం బతుకుతాయి. అందుకే ఆ కాలపు అనౌన్సర్లంతా అచ్చులను సాగదీసేవారు. మన పద్యనాటకంలో హార్మోనియం పక్కన నిలబడి చివరి పాదాన్ని రాగం తీసే నటుడు గుర్తున్నాడా? రాగం మీద మోజు కొంత ఉండొచ్చు గానీ, పందిరి చివర నిలబడ్డవాడికి పద్యం చేరాలన్న అవసరం కూడా ఉంది. హంఫ్రీస్ సాగదీతకూ అదే అవసరం. తర్వాత తర్వాత జనం దాన్ని ఆయన ముద్రగా ముద్దు చేసుకున్నారు.

ఎనభై వేల మందికీ ఆయన మాట నిజంగా వినబడిందా? ఇలాంటి లెక్క ఒకటి 18వ శతాబ్దంలోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ వేశారు. ఫిలడెల్ఫియా వీధిలో జార్జ్ వైట్‌ఫీల్డ్ అనే మతప్రచారకుడు మాట్లాడుతుంటే, ఫ్రాంక్లిన్ ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ మాట ఎక్కడిదాకా స్పష్టంగా వినబడుతుందో చూశారు. ఆ దూరాన్ని అర్ధవృత్తానికి వ్యాసార్ధంగా తీసుకుని, మనిషికి రెండు చదరపు అడుగుల చోటిచ్చి లెక్క కడితే ముప్పై వేల పైచిలుకు తేలింది. అది ఒక వైపుకే మాట్లాడే మనిషి లెక్క, అదీ జనం చెవులు రిక్కించి వింటున్నప్పుడు. రింగు చుట్టూ నాలుగు వైపులా జనం ఉంటారు. ఎటు తిరిగినా మూడు వైపులకు వీపో భుజమో కనబడుతుంది. కాబట్టి చివరి వరస దాకా ప్రతి అక్షరం చేరిందని నేను నమ్మను.

మరి ఎలా నెగ్గుకొచ్చారు? చేతులతో. రెండు చేతులూ పైకెత్తి నిలబడేవారు. జనం అణగేదాకా నోరు తెరవరు. ముందు వరసలు ఊరుకుంటే వెనక వరసలు ఎందుకు ఊరుకున్నాయో చూస్తాయి, అవీ ఊరుకుంటాయి. అలా సద్దుమణిగిన తర్వాత పేరు చెబుతారు. విననివాళ్లకు పక్కవాళ్లు అందిస్తారు. చివర్లో ఫలితం చెప్పేటప్పుడు గెలిచినవాడి చేయి పైకెత్తితే మాట చేరని చోటికి ఆ చేయి చేరుతుంది. ఆ మనిషి సంపాదించిన అసలు విద్య నిశ్శబ్దం. గొంతు ఆ తర్వాతిది.

ఈ విద్య ఎందుకు అవసరమైందో పశ్చిమాన జరిగినదాన్ని చూస్తే తెలుస్తుంది. 1910 జులై 4న నెవాడాలోని రీనోలో జాక్ జాన్సన్, జిమ్ జెఫ్రీస్ తలపడ్డారు. నల్లజాతి ఛాంపియన్‌ను దించడానికి రిటైరైన తెల్ల ఛాంపియన్‌ను బతిమాలి రప్పించిన పోటీ అది. అక్కడ అనౌన్సర్ బిల్లీ జోర్డాన్, కాలిఫోర్నియాలో తలపండినవాడు. అప్పటి ఆచారం ప్రకారం పోటీకి ముందు పాత వీరులను ఒక్కొక్కరినే రింగులోకి పిలిచి పరిచయం చేయాలి. జనానికి ఈ ఊరేగింపు ఇష్టం. అనౌన్సర్‌కు కూడా లాభమే, పాతవాళ్లకు చప్పట్లు కొడుతూ కొడుతూ జనం అతని చేతి సైగలకు అలవాటు పడతారు. జాన్సన్ పదిహేనో రౌండులో గెలిచాడు. రీనోలో గొడవ కాలేదు. ఆ రాత్రి అమెరికాలో ఎన్నో నగరాల్లో నల్లవాళ్ల మీద దాడులు జరిగాయి, మనుషులు చచ్చిపోయారు. స్టేడియం గోడ దాటాక ఏ అనౌన్సర్ చేతులూ పనిచేయవు.

హంఫ్రీస్ దగ్గరికి వద్దాం. 1923 సెప్టెంబరు 14న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో డెంప్సీతో అర్జెంటీనా వీరుడు లూయిస్ ఫిర్పో తలపడ్డాడు. మళ్లీ ఎనభై వేల మంది. ఫిర్పో మొదటి రౌండులోనే ఏడు సార్లు పడ్డాడు. పడ్డవాడు లేచి డెంప్సీని తాళ్ల మధ్య నుంచి బయటికి, విలేకరుల మీదికి తోశాడు. రెండో రౌండులో నిమిషం తిరక్కముందే ఫిర్పో పని అయిపోయింది. మొత్తం నాలుగు నిమిషాలలోపు ఆట. జనం అందరూ నిలబడే ఉన్నారు. అలాంటి రాత్రి ఫలితం ప్రకటించే మనిషికి నిశ్శబ్దం దొరకదు, చేయి ఎత్తడం ఒక్కటే మిగులుతుంది.

నాకు ఆయన కథలో బాగా నచ్చే రోజు 1925 మే 5. న్యూయార్క్‌లో బాక్సింగ్ పోటీలు జరిగే భవనం మాడిసన్ స్క్వేర్ గార్డెన్. అంటే ఇప్పుడున్నది కాదు, 1890లో కట్టినది, గోపురం మీద డయానా దేవత విగ్రహం ఉండేది. దాన్ని పడగొట్టబోతున్నారు. ఆఖరి రాత్రి సిడ్ టెర్రిస్, జానీ డండీ పన్నెండు రౌండ్లు ఆడారు, టెర్రిస్ గెలిచాడు. అప్పుడు హంఫ్రీస్ రింగు మధ్య నిలబడి ఆ కట్టడానికీ, పైనున్న డయానాకూ కవిత్వంలో వీడ్కోలు చెప్పారు. కవిత్వం గొప్పదేమీ కాదు, మా ఊరి సన్మానపత్రాల స్థాయిదే. అయినా ముష్టియుద్ధం చూడటానికి డబ్బిచ్చి వచ్చిన జనం, సిగార్ పొగలో కూర్చుని, ఒక భవనానికి చరమగీతం విన్నారు. అది ఆ గొంతుకున్న చనువు.

ఆ ఏడాది చివర్లో టెక్స్ రికర్డ్ కొత్త గార్డెన్ తెరిచారు. మైకు కూడా రింగులోకి వచ్చేసింది. లౌడ్‌స్పీకర్ అప్పటికే కొత్తది కాదు, 1919లోనే శాండియాగోలో అధ్యక్షుడు విల్సన్ దానిలో వేల మందికి ప్రసంగించారు. బాక్సింగ్ కాస్త ఆలస్యంగా ఒప్పుకుంది, అంతే.

మైకు వచ్చాక ఏమయిందో 1932 జూన్ 21 చెబుతుంది. లాంగ్ ఐలాండ్ సిటీలో జాక్ షార్కీ, మాక్స్ ష్మెలింగ్ పదిహేను రౌండ్లు ఆడారు. తీర్పు షార్కీకి వెళ్లింది, చాలామందికి అది అన్యాయమనిపించింది. ష్మెలింగ్ మేనేజర్ జో జేకబ్స్ రేడియో మైకులో ‘మమ్మల్ని దోచుకున్నారు’ అని అరిచాడు. ఆ మాట ఈ రోజుకీ నిలిచింది. ఆ రాత్రి అధికారిక ప్రకటన ఎవరికీ జ్ఞాపకం లేదు. ఉత్త గొంతు రోజుల్లో జేకబ్స్ ఎంత అరిచినా చుట్టూ ఉన్న పదిమంది వినేవారు. మైకు ముందు నిలబడ్డ ప్రతివాడూ అనౌన్సరే.

హంఫ్రీస్ తర్వాత ఆ స్థానం హ్యారీ బలోది. ఆయనకు బరువైన మాటలంటే మహా ఇష్టం. ఒక్క మాటలో పోయేదానికి మూడు సమాసాలు వాడేవారు, విలేకరులు ఆటపట్టించేవారు. కానీ ఒక రాత్రి ఆ బరువు పనికొచ్చింది. 1935 జూన్ 25, యాంకీ స్టేడియం. నల్లజాతి యువకుడు జో లూయిస్, ఇటలీ నుంచి వచ్చిన ప్రీమో కార్నెరా. ముసోలినీ ఇథియోపియా మీదికి సైన్యాన్ని పంపడానికి సిద్ధమవుతున్న రోజులు, స్టేడియంలో ఇటాలియన్లూ నల్లవాళ్లూ పక్కపక్కనే. పోలీసులకు భయం. బలో మైకు ముందుకొచ్చి, జాతి, రంగు, మతం చూడకుండా ఇద్దరికీ న్యాయంగా ఉండండని జనాన్ని కోరారు. లూయిస్ ఆరో రౌండులో గెలిచాడు, గొడవ జరగలేదు. అదంతా బలో మాట మహిమే అని నేను అనను. అడగాల్సిన మనిషి ఆయనే అని మాత్రం అంటాను.

సమయమవుతోందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: ఇప్పటి అనౌన్సర్లు ఒక్క వాక్యం చెప్పి కోట్లు సంపాదిస్తారంటారు, నిజమేనా?)

మైకేల్ బఫర్ గురించి కదా. ఆయన తన నినాదాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేయించుకున్నారు, వాడుకున్నవాళ్ల దగ్గర డబ్బు తీసుకుంటారు. తెలివైన పని. పద్ధతి చూస్తే మాత్రం హంఫ్రీస్‌కు పూర్తిగా తలకిందులు. ఆయన జనాన్ని ఊరుకోబెట్టి మాట్లాడితే, ఈయన జనాన్ని అరిపించడానికి మాట్లాడతారు. లౌడ్‌స్పీకర్ ఉన్నవాడికి నిశ్శబ్దంతో పనేముంది? నాకు మొదటిదే ఇష్టం, మీ పిల్లలకు రెండోదే ఇష్టమని తెలుసు.

(ప్రశ్న: నేను వ్యాయామ ఉపాధ్యాయుణ్ణి. జిల్లా పోటీల్లో నాకే మైకు ఇస్తారు. పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి.)

మాస్టారూ, ఇది మంచి ప్రశ్న. నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో ఫైనల్ గెలిచినప్పుడు అయిదుగురు జడ్జీలూ ఆమెకే ఇచ్చారు. అలాంటి తీర్పు ఎవరైనా చదవగలరు. తీర్పు చీలినప్పుడే చిక్కు. కాగితం చేతికి రాగానే చదవడం మొదలుపెట్టకండి. ఎర్ర మూలకు ఎన్ని, నీలి మూలకు ఎన్ని, ముందు మనసులో కూడుకోండి. సందేహముంటే రింగు దిగి జడ్జీల బల్ల దగ్గరే తేల్చుకోండి, జనం ఆగుతారు. గెలిచిన పేరు చివర చెప్పండి, ముందు చెబితే మిగతాది ఎవరూ వినరు. ఓడిన పిల్లవాడి పేరూ ఊరూ కూడా అంతే స్పష్టంగా చదవండి, వాళ్ల నాన్న అక్కడే ఉంటాడు. ఇంకొకటి, పేర్లు ఎలా పలకాలో పిల్లలనే ముందుగా అడిగి రాసుకోండి. రింగెక్కాక అడిగితే వాళ్ల నోట్లో పళ్లకు తొడుగు ఉంటుంది, చెప్పలేరు. (నవ్వులు)